చౌడు, సోడా ఉప్పు, 500: శ్రీనివాసపురం ప్రాంతంలో ఒక మాట చరిత్ర

కోలారు జిల్లా శ్రీనివాసపురంలో ఒక చిన్న అంగట్లో మేము పది రూపాయల బిస్కెట్టు ప్యాకెట్టు కొన్నాము. ప్యాకెట్టు వెనకవైపు సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో గోధుమపిండి, చక్కెర, పామాయిలు వరసగా ఉన్నాయి. వాటి తర్వాత 'రైజింగ్ ఏజెంట్స్' అన్న మాట, దాని పక్కన కుండలీకరణాల్లో 503(2), 500(2) అని రెండు అంకెలు ఉన్నాయి. లోపలి రెండును రోమను అంకెలో వేస్తారు. అంగట్లో కూర్చున్న పెద్దావిడకు చూపించి, ఈ 500 అంటే ఏమిటో తెలుసా అవ్వా అని అడిగాము. "ఐదునూర్లా? పది రూపాయల బిస్కెట్టుకా సామీ!" అన్నది.

అదే అంగట్లో ఆమె చేతి తూకంతో, పాత కాగితంలో పొట్లం కట్టి అమ్మే తెల్లటి పొడి ఒకటుంది. బోండాలకు, అప్పళాలకు, ఉడకని బేళ్ళకు ఊళ్ళోవాళ్ళు వచ్చి అడిగి తీసుకుపోతుంటారు. ఆమె దాన్ని సోడా ఉప్పు అంటుంది. ప్యాకెట్టు మీది 500(2) ఆ పొడే. తాను నిత్యం అమ్మే సరుకు పేరు తన చేతిలోని ప్యాకెట్టు మీదే ఉండి కూడా ఆమెకు అది తన సరుకని తెలియలేదు. దీనికి చదువు లేకపోవటమే కారణమనుకోవటానికి లేదు. పక్కన నిలబడిన కాలేజీ కుర్రవాడికీ తెలియలేదు. ఈ వస్తువుకు మన భాషలో ఉన్న పేర్లేమిటి, అవి ఎక్కడినుంచి వచ్చాయి, అంకె దగ్గరికి వచ్చేసరికి ఏమి మిగిలింది, ఏమి పోయింది అన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

ముందు ఊరి గురించి రెండు మాటలు. శ్రీనివాసపురం పాత పేరు పాపనపల్లి. మైసూరు దివాను పూర్ణయ్య తన కుమారుడి పేరుమీద దీనికి ఈ పేరు పెట్టాడని చెబుతారు. సరిహద్దు దాటితే మదనపల్లె ప్రాంతం. మామిడికి పేరుపడిన తాలూకా ఇది. తోతాపురి, బాదామి కాయలు ఇక్కడినుంచి దూరదేశాలకు పోతాయి. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక ఇచ్చేనాటికి కోలారు జిల్లా జనాభాలో సగానికి పైగా తెలుగు మాట్లాడేవారే. అయినా జిల్లా మైసూరులోనే ఉండాలని సంఘం సిఫారసు చేసింది, 1956లో అలాగే జరిగింది. అప్పటినుంచి ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో కన్నడం చదువుకుంటున్నారు. బంగారు గనుల వైపు పోతే తమిళం కూడా కలుస్తుంది. అందుచేత ఇక్కడ ఒక వస్తువుకు మూడు భాషల పేర్లు ఒకే అంగట్లో వినిపించటం మామూలు. సోడా ఉప్పును కన్నడంలో అడిగేవారు అడుగె సోడా అంటారు, తమిళులు ఆప్పసోడా అంటారు, తెలుగువారు సోడా ఉప్పు అనీ, వంటసోడా అనీ, తినేసోడా అనీ అంటారు. అంగడామె అన్నిటికీ ఒకే డబ్బా మూత తీస్తుంది.

ఈ పేర్లన్నిటిలోనూ సోడా అన్నది కొత్త మాట. పాత మాట చౌడు. నిఘంటువుల్లో చవుడు, చౌడు అని ఉంటుంది. శ్రీనివాసపురం పల్లెల్లో మేము విన్నది ఎక్కువగా సౌడు, సవుడు. మొదటి చకారం సకారమయింది. కన్నడంలో దీన్ని సవుళు అంటారు. తమిళంలో ఉవర్ అన్న మాట ఉంది, చాకలివాళ్ళు వాడే మన్నును ఉవర్ మణ్ అంటారు. ఉప్పదనాన్ని చెప్పే ఇలాంటి మాటలు దక్షిణాది భాషల్లో ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. సంస్కృతంలో దీన్ని ఊషం అన్నారు. అమరకోశం భూమివర్గంలో ఊషానికి క్షారమృత్తిక అని అర్థం చెప్పారు. ఊషరక్షేత్రం అన్న సమాసం మనకు ఆ మాటనుంచే వచ్చింది. చౌడు, సోడా అనే రెండు మాటల ధ్వని దగ్గరగా ఉండటం చూసి రెండూ ఒకటేననుకునేవారు మాకు ఇద్దరు ముగ్గురు తగిలారు. వస్తువులు చుట్టాలే గాని మాటలు కావు. సోడా ఐరోపా నుంచి వచ్చింది, చౌడు ఇక్కడి నేలలోది.

చౌడంటే ఏమిటో రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. చెరువు కింది పల్లపు మళ్ళలో నీరు నిలిచి, పైకి ఎగసి, ఎండకు ఆవిరైపోతే, నీటిలో కరిగి ఉన్న లవణాలు నేలమీద తెల్లగా పొరగడతాయి. అందులోనూ రైతు రెండు రకాలు చూశాడు. ఒకటి పాలచౌడు, రెండోది కారుచౌడు. పాలచౌడు పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటుంది. అందులో క్లోరైడులు, సల్ఫేటులు ఎక్కువ; మంచినీరు పెట్టి కడిగితే చాలావరకు పోతుంది. కారుచౌడులో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ఎక్కువ. ఆ క్షారం మట్టిలోని కుళ్ళిన ఆకు అలమును కరిగించి పైకి తెస్తుంది కనుక నేల నల్లబడుతుంది. అందుకే కారు అన్నారు. నీరు ఇంకదు, నేల గట్టిపడుతుంది. దీనికి జిప్సం వేసి, నీరు నిలగట్టి, మురుగు తీయాలి. నేలల శాస్త్రజ్ఞులు పీహెచ్ కొలిచి, మార్పిడికి వచ్చే సోడియం శాతం లెక్కగట్టి చేసే విభజన ఇదే. రైతు దాన్ని రంగు చూసి చేశాడు. ఈ రెండు మాటలు తెలుగు వ్యవసాయ పదజాలంలో ఉండటం మాకు చాలా సంతోషం కలిగించిన విషయం.

ఈ రెండు చౌళ్ళ మీద రెండు వృత్తులు బతికాయి. ఉప్పుతో కూడిన మన్నును నీటిలో కలిపి, ఆ నీటిని వడగట్టి, ఎండబెట్టి గాని కాచి గాని ఉప్పు తీసినవారు ఉప్పరులు. ఆ కులం పేరే ఆ పనినుంచి వచ్చింది. 1800-01లో మైసూరు రాజ్యమంతా తిరిగి చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో ఈ ప్రాంతాల మంటి ఉప్పు తయారీని వర్ణించాడు. సముద్రపు ఉప్పు మీద పన్ను రాబడి పోతుందని మద్రాసు ప్రెసిడెన్సీలో ఆంగ్ల ప్రభుత్వం 19వ శతాబ్దం చివర ఈ చౌటి ఉప్పు తయారీని అణచివేసింది. ఉప్పరులు చెరువు పనుల్లోకి, మట్టి పనుల్లోకి పోయారు. ఇప్పుడు ఉప్పర అంటే మట్టి తవ్వేవారని అందరూ అనుకుంటారు. పేరులో ఉప్పు మిగిలింది, చేతిలో పార మిగిలింది.

రెండో వృత్తి చాకలివారిది. వారికి కావలసింది క్షారం ఉన్న మన్ను. రేవులో బట్టలు తడిపి, సౌడు కలిపిన నీళ్ళలో ముంచి, పిండి, బాన మీద గుండ్రంగా పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టిస్తారు. దీన్ని ఉబ్బ వెయ్యటమంటారు. క్షారం, ఆవిరి కలిసి బట్టలోని జిడ్డును సబ్బుగా మార్చేస్తాయి. తర్వాత బండమీద కొట్టి జాడిస్తే మురికి నీళ్ళతో పోతుంది. సబ్బు కొనని కాలంలో చాకలి సబ్బును బట్టలోనే తయారు చేశాడన్నమాట. బ్రౌను 1852 నాటి నిఘంటువులో చౌడు అన్న మాటకు అర్థం ఇస్తూ ఈ ఉతుకుడు మన్నునే చెప్పాడు.

ఇక వంటింటి సంగతి. మన్నును ఎవరూ తినరు. వంటకు క్షారం కావలసినప్పుడు మొక్కల బూడిదనుంచి తీశారు. ఆయుర్వేదంలో సర్జికాక్షారం, యవక్షారం అని రెండు క్షారాలు ప్రసిద్ధం. యవక్షారం యవల మొక్కను కాల్చిన బూడిదనుంచి తీసేది, అందులో పొటాషియం ఎక్కువ. సర్జికాక్షారాన్ని వాడుకలో సజ్జక్షారం అంటారు. వాయవ్య భారతంలో ఉప్పునేలల మొక్కలను కాల్చి తీసే సజ్జీ ఇదే, అందులో సోడియం కార్బొనేటు ఎక్కువ. సుశ్రుతసంహిత సూత్రస్థానంలో క్షారం కాచే పద్ధతికి ఒక అధ్యాయమే ఉంది. అంగట్లో అప్పడాల కారం అని అమ్మింది ఈ జాతి వస్తువునే. కన్నడిగులు హప్పళ ఖార అంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు అప్పడాల కారం అనగానే మిరపపొడి అనుకోవటం ఇంటింటా చెప్పుకునే నవ్వులాట. మిరపకాయ పోర్చుగీసువారి వెనక 16వ శతాబ్దంలో వచ్చింది. కారం అన్న మాట అంతకుముందే ఉంది. నాలుకను మండించేదల్లా కారమే, అది మిరియమైనా బూడిద నీరైనా. మిరపకాయ వచ్చి ఆ మాటను దాదాపు మొత్తంగా ఆక్రమించుకుంది. పాత అర్థం అప్పడాల పిండిలో తలదాచుకున్నది.

ఇప్పుడు సోడా ఎలా వచ్చిందో చూద్దాము. ఐరోపాలో కూడా గాజుకు, సబ్బుకు కావలసిన సోడాను చాలాకాలం సముద్రతీరపు మొక్కల బూడిదనుంచే తీశారు. 1791లో ఫ్రాన్సులో నికొలా లెబ్లాంకు ఉప్పునుంచి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1860లలో బెల్జియంలో ఎర్నెస్టు సాల్వే ఉప్పునీరు, సున్నపురాయి, అమ్మోనియాలతో ఇంకా చవకైన పద్ధతి నిలబెట్టాడు. ఈ రెండో పద్ధతిలో ఒక విశేషముంది. తొట్టెలో మొట్టమొదట ఘనరూపంలో దిగేది సోడియం బైకార్బొనేటు, అంటే వంటసోడా. దాన్ని కాల్చితే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పోయి చాకలి సోడా మిగులుతుంది. మనకు ఈ సరుకు మొదట ఇంగ్లండునుంచి ఓడల్లో వచ్చింది. 1939లో టాటా కెమికల్సు సంస్థ గుజరాతు తీరాన మీఠాపూరులో ఏర్పడింది, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అక్కడ సోడా తయారీ నిలదొక్కుకుంది. మీఠాపూరు అంటే తీపి ఊరు కాదు. గుజరాతీలో మీఠుం అంటే ఉప్పు. ఉప్పరపల్లి అని తెలుగు చేసుకుంటే అర్థానికి ఏమీ లోటు రాదు.

అయితే తెలుగువారి నోటికి సోడా అన్న మాట ఎక్కింది ముందుగా వంటద్వారా కాదనుకుంటాము. గోలీసోడా ద్వారా ఎక్కి ఉంటుంది. గోలీతో మూసుకునే సీసాకు ఇంగ్లండులో హైరం కాడ్ 1870ల ఆరంభంలో పేటెంటు తీసుకున్నాడు. ఆ సీసా ఐరోపాలో మాయమైనా మన ఊళ్ళలో నిలిచింది. సోడా అంటే బుసబుసమనే నీరు అని జనానికి స్థిరపడిపోయాక, పొడిరూపంలో ఇంకో సోడా వచ్చింది, బట్టలకు మరో సోడా వచ్చింది. ఇక విశేషణాలు తప్పలేదు. తినేసోడా, బట్టల సోడా అని విడదీశారు. తాగేది ఉత్త సోడాయే. తినేసోడా అన్న పేరు వింటే కొత్తవారికి వింతగా ఉంటుంది, ఎవరైనా సోడా తింటారా అని. ఆ తినే అన్న రెండక్షరాలు వస్తువును వర్ణించటానికి వచ్చినవి కావు, పొరపాటున బట్టల సోడా పిండిలో వెయ్యవద్దని హెచ్చరించటానికి వచ్చినవి. సోడా ఉప్పు అన్న పేరులోనూ అలాంటి ఎరుక ఉంది. దాని సంగతి చివర చెబుతాము.

ఇంతకీ ఈ పొడి పని పొంగించటం. ఆ క్రియ తెలుగులో చాలా పాతది. పాలు పొంగుతాయి, పూరీ పొంగుతుంది, పొంగలి అందులోనుంచే వచ్చింది. శ్రీనివాసపురం, మదనపల్లె వైపు గుంతల పెనం మీద పోసే పొంగణాల పేరులోనే ఆ పని ఉంది. ఆ పొంగు పులిసిన పిండి ఇచ్చేది. బియ్యం, మినుములు నానబెట్టి రుబ్బి రాత్రంతా ఉంచితే గాలిలోను, గింజలోను ఉన్న సూక్ష్మజీవులు పిండిని పులియబెట్టి వాయువు పుట్టిస్తాయి, మినుముల జిగురు ఆ వాయువును పట్టి ఉంచుతుంది. దీనికి కావలసింది కాలం. సోడా చేసిందల్లా ఆ కాలాన్ని తీసివెయ్యటం. రాత్రి పట్టే పని రెండు నిమిషాల్లో అవుతుంది.

కోలారుకు పొరుగున బెంగుళూరులో దీనికి పేరున్న ఉదాహరణ ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధకాలంలో బియ్యం కరువై, గోధుమరవ్వతో ఇడ్లీ చేయటం తామే మొదలుపెట్టామని అక్కడి మావళ్ళి టిఫిన్ రూమ్స్ వారు చెప్పుకుంటారు. రవ్వ ఇడ్లీ రాత్రంతా పులిసేది కాదు. పుల్లటి పెరుగులో సోడా పడగానే పొంగుతుంది. 1970లలో మొదలైన రవ్వ ఇడ్లీ పొడి పొట్లాలతో ఆ సోడా కలిసిపోయిన పిండిగానే ఇళ్ళకు వచ్చింది. అప్పటిదాకా గృహిణి చేతి చిటికెలో ఉన్నది, అక్కడినుంచి పొట్లం మీద అచ్చయిన పదార్థాల పట్టికలోకి ఎక్కింది. మా దృష్టిలో ఈ మాట చరిత్రలో పెద్ద మలుపు ఇదే. పట్టికలో రాయవలసివచ్చినప్పుడు గదా ఏ పేరు రాయాలన్న ప్రశ్న పుట్టేది.

సోడాకు పెరుగు ఎందుకంటే, పులుపు తగిలితే 84 గ్రాముల సోడా 44 గ్రాముల కార్బన్ డయాక్సైడునిస్తుంది. పులుపు లేకుండా వేడి ఒక్కటే తగిలితే అందులో సగమే వస్తుంది, మిగిలినది చాకలి సోడాగా మారి పిండిలో ఉండిపోతుంది. బజ్జీ సబ్బురుచి వేస్తోందని ఎవరైనా అంటే అది నోటిదోషం కాదు. శనగపిండిలో పసుపు వేసి, సోడా సరిగా కలపకపోతే బజ్జీ మీద ఎర్రటి మచ్చలు లేస్తాయి. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే ఆడవాళ్ళకు ఆ ఎరుపు ఎందుకొచ్చిందో చెప్పనవసరం లేదు. క్షారం ఏదైనా పసుపు ఎర్రబడుతుంది. శ్రీనివాసపురంలో ఒక బోండాల అంగడాయన ఆ మచ్చలు చూసే పిండివాణ్ణి తిడుతుంటాడు: "సౌడు కలిపేది నేర్చుకోరా అబ్బోడా!" అతడు అన్నది సోడా గురించి. అతని నోట సౌడు అనే వచ్చింది. మేము ఈ వ్యాసం రాయటానికి ఆ ఒక్క మాట చాలా దూరం కారణం.

ఈ జిల్లాలో సోడాకు మరో పని కూడా పడింది. కోలారుకు ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువులమీద బతికిన సీమ ఇది. చెరువులెండి, బోర్లు లోతుకు పోయినకొద్దీ నీరు గట్టిబడింది. సున్నపు లవణాలు, చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువైనాయి. గట్టినీటిలో కందిబేళ్ళు, అలసందలు ఎంతకూ ఉడకవు. చిటికెడు సోడా వేస్తే మెత్తబడతాయి, బి1 విటమిను మాత్రం నష్టమవుతుంది. 2018నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు చెరువులకు ఎత్తిపోస్తున్నారు. దానివల్ల బావుల్లో నీటిమట్టం పెరిగిందంటారు, నీటి నాణ్యత మీద వాదాలూ ఉన్నాయి. బేళ్ళలో సోడా వేసే చెయ్యి మాత్రం అలవాటు మానలేదు.

గనుల సంగతి ఒక్క వాక్యంలో పోనిచ్చేది కాదు గాని, ఇక్కడ మనకు కావలసింది కొంతే. బంగారాన్ని మూసలో కరిగించేటప్పుడు మలినాలు తేలటానికి వెలిగారంతోపాటు సోడా బూడిద వెయ్యటం బంగారు పరిశ్రమలో మామూలు. 500 వరసలోని మొదటిది అదే. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. ఇప్పుడు అక్కడ కనిపించేది సైనైడు దిబ్బలు, పాత బంగళాలు, ఇంకా రొట్టెలు కాల్చే బేకరీలు.

అంకె దగ్గరికి వద్దాము. ఆహారంలో కలిపే పదార్థాలకు ఐరోపా దేశాలు 1960లనుంచి సంఖ్యలు పెడుతూ వచ్చాయి. 1989లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘమైన కోడెక్సు ఒక సంఖ్యామానం ఆమోదించింది. మన దేశంలో 2006 ఆహారభద్రతా చట్టం కింద వచ్చిన నియమాలు 2011 ఆగస్టు 5నుంచి అమలయ్యాయి. వాటి ప్రకారం కలిపిన పదార్థం చేసే పనిని చెప్పి, దాని పేరు గాని అంతర్జాతీయ సంఖ్య గాని వెయ్యాలి. పేరుకన్నా సంఖ్యకు తక్కువ చోటు పడుతుంది కనుక తయారీదారులు సంఖ్యకే మొగ్గుతారు. 503(2) అమ్మోనియం బైకార్బొనేటు. కాలేటప్పుడు పూర్తిగా ఆవిరైపోతుంది గనుక పలచని బిస్కెట్లకు వాడతారు. దీన్ని మన నవసారమని పొరపడకూడదు, నవసారం అమ్మోనియం క్లోరైడు.

మేము మొదట ఈ సంఖ్యలను తప్పుపట్టే ఉద్దేశంతోనే పని మొదలుపెట్టాము. మాటను చంపి అంకెను నిలబెట్టారని రాయాలనుకున్నాము. 500 కింద ఏమున్నాయో చూశాక ఆ ఉత్సాహం కొంత తగ్గింది. 500(1) సోడియం కార్బొనేటు, అంటే చాకలి సోడా. 500(2) బైకార్బొనేటు, అంటే తినేసోడా. 500(3) సోడియం సెస్క్వికార్బొనేటు. ఈ మూడోది ప్రకృతిలో ట్రోనా అనే పేరుతో సోడా సరస్సుల ఒడ్డున, ఎండిన క్షారభూముల మీద పేరుకునే వస్తువు. కెన్యాలోని మగాది సరస్సులో శతాబ్దం పైగా దాన్ని తవ్వుతున్నారు. అంటే రేవులోనిది, వంటింటిది, నేలలోనిది ఒకే సంఖ్య కింద చేరాయి. బోండాల అంగడాయన సోడాను సౌడు అన్నప్పుడు చేసిందీ ఇదే వర్గీకరణ. ఆయనకు కోడెక్సు తెలియదు, కోడెక్సుకు ఆయన తెలియడు. ఇద్దరూ చుట్టరికం సరిగానే పట్టారు. కనుక అంకె అజ్ఞానం అని మేము అనలేము. లోటు ఎక్కడంటే, ఆయన మాట విన్నవాడికి అర్థమవుతుంది, అంకె చూసినవాడికి కాదు.

లేబులు భాష గురించి నియమం చెప్పేది ఇంతే: వివరాలు ఇంగ్లీషులో గాని దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండాలి. అదనంగా మరో భాష వాడుకోవటానికి అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదన్నంత మాత్రాన ఎవరూ అచ్చువెయ్యరు. వేసినా శ్రీనివాసపురంలో తెలుగు లిపి అందరికీ పనికిరాదు; తెలుగు మాట్లాడే పిల్లలు చదవగలిగింది కన్నడ లిపి. వారి విషయంలో లిపికన్న మాట ముఖ్యం. సోడా ఉప్పు అని ఏ లిపిలో రాసినా వారికి తెలుస్తుంది. ఇలాంటి మాటలను సేకరించే పని మన భాషలో జరగకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వెలువరించింది, 1962లో వ్యవసాయం సంపుటం, తర్వాత చేనేత సంపుటం వచ్చాయి. తెలుగు భాషాధ్యయనంలో అంత గొప్ప పని కొద్ది. అయితే ఆ సర్వేక్షణ ఆనాటి ఆంధ్రప్రదేశ్ హద్దుల లోపల జరిగింది. మదనపల్లె అందులోకి వచ్చింది, కొద్ది మైళ్ళ ఇవతలి శ్రీనివాసపురం రాలేదు. ఇక్కడి చాకలి, ఉప్పర, కుమ్మరి పదాలు కన్నడ శాఖలకు తెలుగు మాటలుగా, తెలుగు శాఖలకు కర్ణాటక విషయంగా కనిపించి, చాలావరకు ఎవరి పుస్తకంలోనూ చేరలేదు. బానమీద ఉబ్బ వేసినవారిలో ఇంకా మాట్లాడగలిగినవారు కొద్దిమందే. వారి పిల్లలకు సబ్బుపొడి పేర్లు తెలుసు.

సోడా ఉప్పు అన్న పేరులోని ఎరుక గురించి చెబుతామన్నాము. 500 అంటే ఏమిటో చెప్పాక అంగడామె కాసేపు ఆలోచించి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. వాళ్ళన్నకు రక్తపుపోటు ఉందట. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. కూరలో తగ్గించారు, పచ్చడి మానిపించారు. బేళ్ళలో, దోసెపిండిలో సోడా మాత్రం వేస్తూనే ఉన్నారు. "ఇది గూడా ఉప్పు లెక్కకే వచ్చునా సామీ?" అని అడిగింది. వస్తుంది. మామూలు ఉప్పులో నూటికి 39 పాళ్ళు సోడియం ఉంటే, సోడా ఉప్పులో 27 పాళ్ళు ఉంటుంది. 5 గ్రాముల చెంచాడు సోడాలో 1.3 గ్రాములకు పైగా సోడియం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2 గ్రాములకు లోపు. ఒకరి పళ్ళెంలోకి చెంచాడు సోడా రాదు, నిజమే. అయితే చిటికెలు పూటపూటకూ కలుస్తాయి. ప్యాకెట్టు మీదైతే సోడియం ఎంతో వేరే పట్టికలో వెయ్యాలని 2020 నియమాలు చెప్పాయి. కాగితం పొట్లానికి, బోండాకు ఆ పట్టిక లేదు. వాటికి ఉన్నది పేరు ఒక్కటే, ఆ పేరులో ఉప్పు అని ఉంది. తినేసోడా అన్నవారికీ, 500 అని చదివినవారికీ ఆ మాట అందదు.

ఆమెకు ఇదంతా చెప్పాము. "పేర్లోనే ఉండాది, మేమే ఇనుకోలేదు" అన్నది. మా పదసేకరణ పత్రంలో ఆ రోజు తేదీ కింద సౌడు, కారుచౌడు, ఉబ్బ, అప్పళాల కారం, సోడా ఉప్పు అని వరసగా రాసి, చివరి గడిలో 500(2) కూడా చేర్చాము. ఆమె తన డబ్బా మీద అతికించటానికి ఒక చీటీ రాసిమ్మన్నది. ఏ లిపిలో రాయాలని అడిగితే, మనవరాలు చదవాల గదా, కన్నడంలోనే రాయమన్నది. సోడా ఉప్పు అని కన్నడ అక్షరాల్లో రాసిచ్చాము.